సబ్బునీళ్ళ బకెట్

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఉద్యోగం గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరం పురుగుల గురించే మాట్లాడుకున్నాం. కడప నుంచి మా అమ్మ ఫోన్ చేసి "అల్లుడు ఎట్లుండాడు పాపా?" అని అడిగితే, "వంకాయ మొక్కలకు పురుగు పట్టిందిమా" అని చెప్పేదాన్ని. ఆమె "సరేలే, దేవుడుండాడు" అని పెట్టేసేది.

నా భర్త భరత్‌ని డిసెంబరులో ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో పాడైన చోట్లు వెతికి బాగుచేయడం అతని పని. అన్నీ సవ్యంగా నడుస్తున్నంతకాలం ఎవరికీ కనపడని పని. కొత్తగా వచ్చిన మేనేజరుకూ కనపడలేదు. ఒక పొద్దున లాప్‌టాప్ తెరిస్తే అది లోపలికి రానివ్వలేదు, అంతే సంగతి. మొదట్లో రోజూ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఇంటర్వ్యూలకు కూర్చునేవాడు. కొన్నాళ్ళకు చొక్కా పోయింది. తర్వాత స్నానం కూడా పోయింది. నేను ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ఏ వైపు తిరిగి పడుకున్నాడో, సాయంత్రం తలుపు తీసేసరికి అదే వైపు తిరిగి ఉండేవాడు. నాకు భయమేసింది. ఎలాంటి భయమో పైకి అనడానికి నోరు రాలేదు గానీ, బాల్కనీ తలుపుకు తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు పోయిన రోజులున్నాయి. అందుకే నంద్యాల నుంచి అత్తను రమ్మన్నాను.

మా అత్త సరోజమ్మ పత్తి చేలల్లో బతికిన మనిషి. మామ పోయాక పొలం కౌలుకిచ్చింది గానీ, కాళ్ళు మాత్రం ఇంకా గట్ల మీదే ఉన్నట్టు నడుస్తుంది. వచ్చిన మర్నాడే బాల్కనీలోంచి కిందికి చూసి, "ఈ ఊర్లో మన్ను యాడుంటుంది పాపా?" అని అడిగింది. పోడియం మీద ఉందని చెప్పాను.

క్లబ్‌హౌస్ వెనక, కార్ల పార్కింగ్ నెత్తిమీద పోసిన మట్టిలో మా సొసైటీవాళ్ళ తోట ఉంది. అడిగిన ఫ్లాటుకల్లా ఒక మడి ఇచ్చారు. మందు కొట్టకూడదన్నది ఒక్కటే నియమం. మేమూ ఎప్పుడో ఉత్సాహపడి ఒక మడి తీసుకుని, గడ్డి పెంచుతూ వచ్చాం. అత్త ఆ గడ్డిని చూసి పరువు పోయినట్టు మొహం పెట్టింది. పైకి వచ్చి కొడుకు మంచం దగ్గర నిలబడి, "నాకు నడుం వంగదు నాయనా, రోంత వొచ్చి తవ్విపో" అంది. నంద్యాలలో ఇప్పటికీ బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కే మనిషికి నడుం వంగదట! భరత్‌కూ తెలుసు అది అబద్ధమని. అయినా లేచాడు. ఆ సాయంత్రం అతని గోళ్ళలో మట్టి చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

మొక్కలు వచ్చాయి, వాటి వెంట పురుగులూ వచ్చాయి. పురుగు కనపడితే మా సొసైటీలో ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఒకావిడ నాలుగడుగులు వెనక్కి వేసి వాచ్‌మన్‌ని పిలుస్తుంది. ఇంకొకాయన ఫోటో తీసి గ్రూపులో పెట్టి, కుడుతుందా అని అడుగుతాడు. శనివారం చంపకూడదని ఆదివారం దాకా ఆగేవాళ్ళూ ఉన్నారు. పక్క మడి భూలక్ష్మికి ఈ బాధలేమీ లేవు, బొటనగోరుతో చిదిమి చీర కొంగుకు తుడుచుకుంటుంది. ఆమె పుప్పాలగూడ మనిషే. ఇప్పుడు మా టవరున్న చోట వాళ్ళ జొన్నచేను ఉండేదట. బిల్డరుకిచ్చి, వాటా కింద ఫ్లాట్లు తీసుకున్నారు. "నా చేన్ల నేనే దరఖాస్తు పెట్టి మడి దీస్కున్న. జూడు నా నసీబు!" అని పడీపడీ నవ్వేది. ఆమెకూ మా అత్తకూ ఒక్క రోజులో స్నేహం కుదిరింది. పురుగుల విషయంలో అత్త సిద్ధాంతం ఇంకా సూటిది. "పైరు మింద కదిలిందంటే అది పురుగే. దాని మొగం జూసి మాట్లాడాల్సిన పనేముంది?"

భరత్ మాత్రం మొహం చూసేవాడు. రాత్రింబవళ్ళు చదివాడు. పేనుబంక, తెల్లదోమ, కాయతొలిచే పురుగు, ఏది ఏ ఆకు అడుగున దాక్కుంటుందో నేర్చుకున్నాడు. గ్రూపులో ఎవరు ఫోటో పెట్టినా నిమిషంలో జవాబిచ్చేవాడు. "భరత్ గారున్నారా?" అని మా తలుపు కొట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ముందు స్నానం తిరిగొచ్చింది, ఆ వెనకే చొక్కా. నేను బాల్కనీ తాళం తీసేసి, తాళంచెవిని మామూలుగా గోడమేకుకు తగిలించాను.

ఏప్రిల్ ఎండలకు పిండినల్లి వచ్చిపడింది. మొదట మందారానికి, అక్కణ్ణుంచి వంగకు, బెండకు. కొమ్మల సందుల్లో ఎవరో పిండి చల్లినట్టు తెల్లగా అతుక్కుని రసం పీల్చేస్తుంది. వేపనూనె కొట్టారు. సబ్బునీళ్ళతో కడిగారు. రెండు రోజులు తేరుకున్నట్టు ఉండి, మళ్ళీ తెల్లబడేది. చీమలు వాటిని మొక్క నుంచి మొక్కకు మోసుకుపోయేవి. చివరికి గేటు దగ్గర సొసైటీవాళ్ళు పెంచుకునే అందమైన కంచె మొక్కలకూ పాకింది. అప్పుడు సెక్రటరీ వెంకటనారాయణ గారు తోటలోకి వచ్చారు. మంచి మనిషే, గొడవలంటే గిట్టదు.

"నా మీద మస్తు ప్రెషర్ ఉందండి," అన్నారాయన, ఎవరి మొహమూ చూడకుండా. "తోట దీసేసి ఆడుకునేతందుకు పికిల్‌బాల్ కోర్టు పెట్టమంటున్నరు. మందు కొట్టించి సాఫ్ చేపిద్దామని కమిటీల అందరిది ఒక్కటే మాట."

అప్పుడు భరత్ నోరు విప్పాడు. నెలల తర్వాత నలుగురి ముందు అతని గొంతు వినడం అదే మొదలు.

"పిండినల్లిని తినే పురుగులున్నాయి సార్. రాజేంద్రనగర్ అవతల పెంచి ఇస్తారంట. వానలు పడేదాకా టైమివ్వండి. అప్పటికీ పోకపోతే తోట నేనే దగ్గరుండి తీయిస్తాను."

"పురుగుల్ని చంపడానికి పురుగులా?" అని ఎవరో నవ్వారు. వెంకటనారాయణ గారు నవ్వలేదు. భరత్‌ని ఎగాదిగా చూసి, "సరే, వానల దాంక. కమిటీకి నేను చెప్పుకుంట," అన్నారు. ఆ రాత్రి భరత్ రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఎన్ని కంపెనీలు కాదన్న మనిషి! ఎవరో ఒకరు నిన్ను నమ్ముతున్నాం పో అన్నారు. నాకు వెంకటనారాయణ గారి కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

పురుగులు అట్టపెట్టెలో వచ్చాయి. నల్లటి ఒళ్ళు, నారింజరంగు తల, గింజంత ఉన్నాయి. అక్షింతల పురుగుల జాతేనట. ఎండ తగ్గాక భరత్ అందరినీ పిలిచి, మూత తీసి చూపించి, ఒక్కో మొక్క దగ్గరా కాసిని వదిలాడు. "ఇంక సబ్బునీళ్ళు కూడా వద్దండి. వీటి పని వీటిని చేసుకోనివ్వండి," అని బతిమాలాడు. అత్త ఒక పురుగును వేలిమీద ఎక్కించుకుని తిప్పి తిప్పి చూసింది. "మా నాయన పెండ్లికొడుకు మాదిరి ఉండాడే," అని దాన్ని మురిపెంగా వంగ కొమ్మ మీద దించింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే భరత్ నన్ను చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కెళ్ళాడు. మందార కొమ్మ వంచి చూపించాడు. పిండినల్లుల మధ్య ఇంకా పెద్ద పిండినల్లి ఒకటి, ఒంటినిండా తెల్లటి కుచ్చులతో, చురుగ్గా పాకుతోంది.

"ఇదేంది, ఇంత బలిసింది?" అన్నాను.

"అది పిండినల్లి కాదు. నేను వదిలిన వాటి పిల్ల. అచ్చం వాటి వేషమే వేసుకుని, వాటిలోనే తిరుగుతా, వాటినే తింటుంది. తల్లికన్నా పిల్లదే ఆకలి. ఈ పిల్లలు పెరిగినాయంటే గెలిచినట్టే స్వాతీ." నవ్వాడు. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. ఆ రాత్రే గ్రూపులో ఫోటో పెట్టి, ఇంగ్లీషులో మూరెడు మెసేజ్ రాశాడు. మా సొసైటీలో అంత పొడుగు మెసేజ్ ఎవరు చదువుతారు? కింద వరసగా దండం బొమ్మలు మాత్రం పెట్టారు. మా అత్తకు అలాంటి ఫోనే లేదు.

మే నెల ఆదివారం ఒకటి వచ్చింది. నానక్‌రాంగూడలో ఒక కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. భరత్ ఒక్కడే వెళ్ళగలడు గానీ, నేను కారు తీశాను. అతను లోపలికి వెళ్ళి చాలాసేపటికి బయటికొచ్చాడు. టై వదులు చేసుకుంటూ, ఫోన్లో ఎవరికో చెబుతున్నట్టు తనలో తనే మాట్లాడుకుంటూ వచ్చాడు.

"రెండో రౌండుకు పిలుస్తామన్నారు. ఇన్ని నెల్లు ఏం చేసినావని అడిగినారు. పురుగుల గురించి చెప్పినా. ఆయన లాప్‌టాప్ మూసేసి విన్నాడు స్వాతీ!" దారిలో కారు ఆపించి తల్లికి మల్లెపూలు కొన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో రేడియో పెట్టాడు. పిచ్చిదాన్ని, మా కష్టం తీరిందనే అనుకున్నాను.

పార్కింగ్ నుంచి తిన్నగా తోటలోకే వెళ్ళాం. అక్కడ పెళ్ళివారిల్లు మాదిరి సందడిగా ఉంది. అత్త చీర దోపుకుని, ఎండకు తలమీద తువ్వాలు వేసుకుని మధ్యలో నిలబడి ఉంది. భూలక్ష్మి, ఇంకా పదిమంది దాకా సొసైటీవాళ్ళు మందార కొమ్మల మీద వంగి ఉన్నారు. మధ్యలో నీలంరంగు బకెట్, దాంట్లో సబ్బునీళ్ళు.

"వొచ్చినావా నాయనా!" అత్త మొహం వెలిగిపోతోంది. "నువ్వు పరీచ్చ రాసి వొచ్చేలోపల నీ తోట బాగుచేసి పెట్టల్లని అందరినీ పిల్చుకొచ్చినా. పొద్దున్నించి ఒగరు గూడా కూసోలే."

"అక్క అందర్ని ఉరికిచ్చింది," అంది భూలక్ష్మి. "మస్తు పరేషాన్ అయితున్నవ్ గదా భరతూ, నీ పని జర తక్కువైతదని."

"చిన్నవి చేతికి చిక్కవు, ఇడ్సిపెట్టినాం," అత్త బకెట్ ముందుకు జరిపింది. "పెద్దపెద్దవి, బలిసి ఉరకతాండేవి ఒగటి మిగిల్చింటే ఒట్టు. నువ్వు తెచ్చిన నల్లవాటి మింద మాత్రం ఎవుర్నీ చెయ్యి ఎయ్యనీలే. వాటిని నేనే కాపలా కాసినా."

భరత్ బకెట్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళ మీద తెల్లగా, మట్టసంగా తేలుతున్నాయి. కుచ్చులు సబ్బుకు కరిగి ఒంటికి అంటుకుపోయాయి. చెయ్యి ముంచి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. వేలితో కదిపి చూశాడు.

"బాగా చేసినావుమా," అన్నాడు.

లేచి, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, మల్లెపూల పొట్లం తల్లి చేతిలో పెట్టాడు. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పాడు. భూలక్ష్మి ఇంటి నుంచి మజ్జిగ వస్తే తాగాడు.

లిఫ్టులో మేమిద్దరమే మిగిలాం. "తల్లిపురుగులున్నాయి కదా. మళ్ళీ గుడ్లు పెడతాయి కదా!" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది.

"వాటి ఆయుష్షు అయిపోవచ్చింది. మళ్ళీ తెచ్చి పెంచాలంటే వానలొచ్చేస్తాయి."

"అయితే చెప్పెయ్ అందరికీ. జరిగింది ఇదీ అని చెప్తే ఇంకో నెల ఇస్తారు."

"చెప్పద్దు." నా వైపు తిరిగాడు. "నాయన పోయినాక మాయమ్మ అట్ల నవ్వడం నేను చూడలేదు. నువ్వు గూడా చెప్పద్దు. నామీద ఒట్టు."

ఒట్టు పెట్టించుకున్నాడు. దానికన్నా నన్ను కొట్టినా బాగుండేది.

ఆ తర్వాత పిండినల్లికి అడ్డులేకుండా పోయింది. వంగమొక్కలు ముడుచుకుపోయాయి, బెండ మొదలంటా తెల్లబడింది. గేటు దగ్గర కంచె ఎండిపోయింది. గ్రూపులో మాటలు మారాయి. పురుగుల్ని డబ్బులిచ్చి కొనుక్కొచ్చి వదిలితే పెరగక ఏమవుతాయని ఒకరు రాశారు. ఆ మాట వరసగా అందరూ పట్టుకున్నారు. దండం బొమ్మలు పెట్టిన చేతులే అవి. నాకు ఒళ్ళు మండిపోయి టైపు చేసేదాన్ని, చెరిపేసేదాన్ని.

వెంకటనారాయణ గారు మళ్ళీ మీటింగ్ పెట్టారు. వానలు ఇంకా పడలేదు. భరత్‌ని మెత్తగానే అడిగారు.

"మీరు తెచ్చినయి పన్జేయలే అనుకోవాల్నా భరత్ గారూ? ఏమన్న కారణం ఉంటే చెప్పుండ్రి. నేను కమిటీకి చెప్పుకుంట."

ఇంత మంచిగా ఎవరు అడుగుతారు? నేను భరత్ వైపు చూశాను. అతను తల్లి వైపు చూశాడు.

"పన్జేయలేదు సార్," అన్నాడు.

అత్త ఊరుకుని ఉన్నా సరిపోయేది. ఊరుకోలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, చేతులు జోడించి లేచింది. "తెలీక తెచ్చినాడు నాయనా. మావోని మీద కోపం పెట్టుకోవాకండి. ఉద్యోగం పోయినప్పట్నించి మనసు నిలకడగా లేదు వానికి. ఎవురో చెప్పిన మాట ఇని ఆ పాడు పురుగుల్ని తెచ్చినాడు. మేము ఏరినాం గానీ, ఎన్నని ఏరతాం?"

నేను కుర్చీలోంచి లేచాను. భరత్ నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే పట్టుకున్నాడు. కూర్చున్నాను.

జూన్ మొదట్లో మాస్కులు పెట్టుకున్న మనుషులు వీపున డబ్బాలు మోసుకొచ్చి మందు కొట్టారు. ఆ వాసన పై అంతస్తుల దాకా పాకింది. అత్త బాల్కనీలో నిలబడి గుండెనిండా పీల్చి, "ఇంగ సస్తాయి ముండలు," అని తృప్తిగా అంది. రెండో రోజు మళ్ళన్నీ పెళ్ళగించారు. నల్లవీ తెల్లవీ అన్నీ మట్టితోపాటు లారీకెక్కాయి. దగ్గరుండి తీయిస్తానన్నాడు కదా, భరత్ దగ్గరుండే తీయించాడు. పైకి వచ్చి చేతులు కడుక్కుని పడుకున్నాడు.

ఆ వారమే రెండో రౌండుకు పిలుపు వచ్చింది. ఫోన్ మోగుతుంటే చూస్తూ పడుకున్నాడు. నేను ఎత్తి, వస్తాడండి తప్పకుండా వస్తాడని చెప్పాను. చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించాను. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళవని అరిచాను, తలనొప్పి అన్నాడు. చొక్కా అలాగే వేలాడుతుండిపోయింది.

ఊళ్ళో వానలు పడ్డాయని, విత్తనాలకు అత్తను రమ్మని కౌలుదారు ఫోన్లమీద ఫోన్లు చేశాడు. కొడుకు లేచేదాకా కదలనని కూర్చుంది ఆమె. ఒక పొద్దున అతని మంచం అంచున కూర్చుని వీపు నిమురుతూ అంది. "ఏం నాయనా, నేను మాత్తరం నీకు పనికిరానా? ఆ పొద్దు నీ కోసరం ఎండలో నిలబడి ఒగొగ పురుగూ ఏరినా గదా. చేతులు బొబ్బలెక్కినా చెప్పలే. నాకోసరం నువ్వు ఒగసారి లెయ్యలేవా?"

భరత్ లేచాడు. గడ్డం గీసుకున్నాడు. తలంటు పోసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఉప్మా చేయమ్మా అని అడిగాడు. రోజూ అలాగే లేచాడు, అలాగే తిన్నాడు. కంపెనీలకు ఫోన్ చేస్తున్నానని చెప్పేవాడు. "సూసినావా పాపా? తల్లి మాట తీసెయ్యడు," అని అత్త నాకు గర్వంగా చెప్పుకునేది. సంచీ సర్దుకుంది.

గచ్చిబౌలిలో అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర నంద్యాల బస్సెక్కించాం. భరత్ సంచీ లోపల పెట్టి, కిటికీ సీటు చూసి కూర్చోబెట్టి, నీళ్ళసీసా ఇచ్చి, పత్తి ఎంత వేయాలో, కంది ఎంత వేయాలో మాట్లాడాడు. ఆమె వంచిన తలమీద ముద్దు పెట్టుకున్నాడు. "ఇంగ నాకు బెంగ ల్యాదు," అని ఆమె కిటికీలోంచి నా చెయ్యి నొక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఇంటికి వచ్చాం. బేస్‌మెంట్‌లో కారు పెట్టి, నా సీటుబెల్టు తీసేసి దిగి, అటు వైపు తిరిగి వచ్చాను. అతను బెల్టు తీయలేదు. ముందున్న గోడను చూస్తున్నాడు. తలుపు తెరిచి భుజం తట్టాను.

"దిగు భరత్. ఇల్లొచ్చింది."

కోపంగా అనలేదు, ఏడవలేదు. దారి తెలియని మనిషి ఎవరినో దారి అడిగినట్టు అడిగాడు.

"దిగి ఏం చేయాలి?"

అతని వైపు తలుపు మెల్లగా వేశాను. మళ్ళీ అటు తిరిగి వెళ్ళి, నా సీట్లో అతని పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాను.